అమెరికాకు కొత్తగా వచ్చినవారి అధికారిక పత్రాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చదువు, ఉద్యోగం, కుటుంబం లేదా సందర్శన నిమిత్తం వచ్చిన విదేశీయులు ఆ దేశంలో ప్రవేశించిన పిమ్మట సరిచూసుకోవలసిన, పొందవలసిన, ప్రభుత్వానికి సమర్పించవలసిన పత్రాలను గురించి ఈ వ్యాసం వివరిస్తుంది. ఐ-94 నమోదు, విద్యార్థుల ఐ-20, సోషల్ సెక్యూరిటీ నంబరు, ఐ-9, డ్రైవింగ్ లైసెన్సు, చిరునామా మార్పు తెలియజేసే ఎఆర్-11, వార్షిక పన్ను పత్రాలు వీటిలో ముఖ్యమైనవి. ఇవి వేర్వేరు కార్యాలయాల పరిధిలోనివి అయినా ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. వీటన్నిటికీ మూలమైనది ఐ-94. అందులోని పేరు, ప్రవేశపు తరగతి, గడువు తేదీ సరిగా లేకపోతే ఆ దోషం మిగిలిన పత్రాలన్నిటిలోనూ కనిపిస్తుంది.

నేపథ్యం

అమెరికాలో భారతదేశపు ఆధార్ వంటి జాతీయ గుర్తింపు కార్డు లేదు. కొత్తగా వచ్చిన వ్యక్తి ఒకే కార్యాలయానికి వెళ్ళి అన్ని వివరాలు నమోదు చేసుకొనే ఏర్పాటు కూడా లేదు. విదేశీయుల నమోదును తప్పనిసరి చేసిన చట్టం 1940లో వచ్చింది. వలస వ్యవహారాలను చాలాకాలం ఇమిగ్రేషన్ అండ్ నాచురలైజేషన్ సర్వీసు అనే ఒకే సంస్థ నిర్వహించేది. 2001 సెప్టెంబరు 11 దాడుల అనంతరం ఏర్పడిన స్వదేశ భద్రతా శాఖలో 2003లో ఈ సంస్థ బాధ్యతలను మూడుగా విభజించారు. విమానాశ్రయంలో ప్రవేశాన్ని అనుమతించేది కస్టమ్స్, సరిహద్దు రక్షణ సంస్థ. గడువు పొడిగింపు, శాశ్వత నివాసం వంటి దరఖాస్తులను పరిశీలించేది పౌరసత్వ, వలస సేవల సంస్థ. చట్టాన్ని అమలుచేసి, విద్యార్థుల నమోదును పర్యవేక్షించేది వలస, కస్టమ్స్ అమలు సంస్థ.

వీసాలు మంజూరు చేసేది మాత్రం విదేశాంగ శాఖ. తెలుగువారిలో అనేకులు వీసా పొందే హైదరాబాదు కాన్సులేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనానికి మారింది.

వీసా, ఐ-94 మధ్య భేదం

పాస్‌పోర్టులో అంటించే వీసా, అమెరికా ప్రవేశద్వారం వరకు ప్రయాణించి లోనికి అనుమతి కోరడానికి మాత్రమే ఉపయోగపడుతుంది. ఎంతకాలం ఉండవచ్చునో అది చెప్పదు. ఆ గడువును ప్రవేశద్వారం వద్ద అధికారి నిర్ణయించి ఐ-94 అనే రాకపోకల నమోదులో చేరుస్తారు. ఒకప్పుడు ఇది పాస్‌పోర్టుకు జతచేసే చిన్న తెల్లని కాగితం. 2013 ఏప్రిల్ 30 నుండి విమాన, నౌకా మార్గాలలో వచ్చేవారికి దీనిని క్రమంగా ఎలక్ట్రానిక్ పద్ధతిలోకి మార్చారు. ప్రస్తుతం ప్రయాణికుడే సరిహద్దు రక్షణ సంస్థ వెబ్‌సైటు నుండి దీనిని ఉచితంగా ముద్రించుకోవాలి. కాగితం చేతికి ఇవ్వకపోవడం వలన అది ఉన్నదన్న సంగతే తెలియనివారు కలరు.

ఈ భేదం తెలియక జరిగే పొరపాట్లు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది సందర్శకుల విషయంలో జరుగుతుంది. పిల్లల వద్దకు వచ్చే తల్లిదండ్రులకు బి-2 వీసా తరచుగా 10 సంవత్సరాలకు లభిస్తుంది. కాని ప్రతి రాకలోనూ సాధారణంగా 6 నెలలు ఉండుటకే అనుమతిస్తారు. వీసా మీది సంవత్సరాన్ని చూసి నిశ్చింతగా ఉంటే గడువు దాటిపోయే ప్రమాదం ఉన్నది. అదనపు కాలం అవసరమైతే ఐ-94 గడువు ముగియకముందే ఐ-539 దరఖాస్తు సమర్పించాలి.

రెండవది ఉద్యోగుల విషయంలో జరుగుతుంది. హెచ్-1బి అనుమతి మూడేళ్ళకు ఉన్నప్పటికీ, పాస్‌పోర్టు అంతకుముందే ముగిసేటట్లయితే ఆ పాస్‌పోర్టు ముగిసే తేదీ వరకే ఐ-94 ఇవ్వడం కద్దు. ఉదాహరణకు, అనుమతి పత్రంలో 2027 సెప్టెంబరు వరకు గడువు ఉండి, పాస్‌పోర్టు 2026 నవంబరులో ముగిసే వ్యక్తికి ఐ-94లో 2026 నవంబరు తేదీయే పడవచ్చు. తరువాత పాస్‌పోర్టును పునరుద్ధరించుకున్నంత మాత్రాన ఐ-94 గడువు దానంతట అది పెరగదు. ఆ తేదీకి ముందే కొత్త పాస్‌పోర్టుతో విదేశానికి వెళ్ళి తిరిగి ప్రవేశించడమో, యజమాని ద్వారా పొడిగింపు దరఖాస్తు చేయడమో జరగాలి. ఈ కారణం చేత ప్రతి విదేశీ ప్రయాణం తరువాత ఐ-94ను ముద్రించి చూసుకోవడం అవసరం.

అధికారి పొరపాటున తప్పు పేరు, తప్పు తరగతి లేదా తప్పు తేదీ నమోదైతే, సరిహద్దు రక్షణ సంస్థకు చెందిన 'డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్' కార్యాలయాలలో సవరణ కోరవచ్చు. అమెరికాలోనే ఉంటూ పొడిగింపు పొందినవారికి, ఐ-797 అనుమతి పత్రం అడుగుభాగాన కొత్త ఐ-94 వస్తుంది. దానిని కత్తిరించి పాస్‌పోర్టుతో ఉంచుకోవాలి.

గడువు దాటినందువలన కలిగే ఫలితాలు

ఐ-94లో నిర్దిష్టమైన తేదీ ఉన్నవారికి, ఆ తేదీ దాటిన తరువాత ఎటువంటి దరఖాస్తు పరిశీలనలో లేకుండా దేశంలో గడిపిన కాలాన్ని సాధారణంగా చట్టవిరుద్ధ నివాసంగా లెక్కిస్తారు. 1996లో చేసిన వలస చట్టం ప్రకారం ఈ కాలం 180 రోజులు దాటి ఒక సంవత్సరంలోపు ఉండి, ఆ వ్యక్తి దేశం విడిచి వెళ్ళినట్లయితే 3 సంవత్సరాల పాటు తిరిగి ప్రవేశించుటకు అర్హత ఉండదు. ఒక సంవత్సరం లేదా అంతకుమించి ఉంటే ఈ నిషేధం 10 సంవత్సరాలు. 18 ఏళ్ళ లోపు వయసులో గడిపిన కాలం ఈ లెక్కలోకి రాదు. నిషేధం వర్తించనంత తక్కువ కాలం గడువు దాటినా, ప్రవేశానికి వాడిన వీసా రద్దయినట్లే పరిగణిస్తారు. అటువంటివారు కొత్త వీసా కొరకు సాధారణంగా స్వదేశంలోనే దరఖాస్తు చేయాలి.

ఉద్యోగం కోల్పోయిన హెచ్-1బి ఉద్యోగులకు 2017 జనవరిలో అమలులోకి వచ్చిన నిబంధన గరిష్ఠంగా 60 రోజుల వెసులుబాటు కల్పించింది. అయితే ఐ-94 గడువు అంతకు ముందే ముగిస్తే ఆ తేదీయే వర్తిస్తుంది.

విద్యార్థుల పత్రాలు

ఎఫ్-1 విద్యార్థికి ముఖ్యమైన పత్రం ఐ-20. దీనిని విద్యాసంస్థ జారీచేస్తుంది. ఇందులోని వివరాలు 'సెవిస్' అనే ప్రభుత్వ సమాచార వ్యవస్థలో ఉంటాయి. విద్యాసంస్థలకు ఈ వ్యవస్థ వాడకం 2003లో తప్పనిసరి అయింది. విద్యార్థి అమెరికా చేరిన తరువాత విశ్వవిద్యాలయంలోని నియమిత అధికారిని కలిసి పాస్‌పోర్టు, వీసా, ఐ-94, స్థానిక చిరునామా అందజేయాలి. చదువు ప్రారంభమైన 30 రోజులలోగా విద్యార్థి చేరికను సంస్థ సెవిస్‌లో నమోదు చేయాలి. ఆ నమోదు జరగనిచో, తరగతులకు హాజరవుతున్నప్పటికీ విద్యార్థి హోదా రద్దు కావచ్చు.

విద్యార్థుల ఐ-94లో తేదీకి బదులు 'డి/ఎస్' అని రాయడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. విద్యార్థి హోదా నిలిచి ఉన్నంత కాలం ఉండవచ్చునని దీని భావం. దీని స్థానంలో గరిష్ఠంగా 4 సంవత్సరాల నిర్దిష్ట గడువు విధించాలని స్వదేశ భద్రతా శాఖ 2025 ఆగస్టులో ప్రతిపాదించింది. కావున విద్యార్థులు తమ ఐ-94లో ఏమి రాసి ఉన్నదో స్వయంగా చూసుకోవడం మేలు.

పత్రాలలోని వివరాలు వాస్తవానికి భిన్నంగా ఉంటే ఎంత నష్టం కలుగుతుందో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్ పట్టణంలో నడిచిన ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం ఉదంతం తెలుపుతుంది. 2011 జనవరిలో అధికారులు దీనిని సోదాచేసి మూయించారు. అక్కడ నమోదైనవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో పెక్కుమంది అప్పటి ఆంధ్ర ప్రదేశ్‌కు చెందినవారు. దేశంలోని వివిధ ప్రాంతాలలో ఉంటున్న విద్యార్థులలో సగానికి పైగా సన్నీవేల్‌లోని ఒకే అపార్టుమెంటులో నివసిస్తున్నట్లు ఆ సంస్థ ప్రభుత్వానికి తెలిపినట్లు దర్యాప్తులో బయటపడింది. సంస్థ అధిపతికి 2014లో కారాగార శిక్ష పడింది. విద్యార్థులు తమ హోదా కోల్పోయారు. కొందరి కాళ్ళకు అధికారులు నిఘా పరికరాలు అమర్చడం భారతదేశంలో తీవ్ర నిరసనకు దారితీసింది. తమ పేరున ఏ చిరునామా నమోదైనదో విద్యార్థి తెలుసుకోవలసిన అవసరాన్ని ఈ ఘటన స్పష్టం చేసింది.

చిరునామా నమోదు

అమెరికా పౌరులు కానివారు ఇల్లు మారిన 10 రోజులలోగా కొత్త చిరునామాను ప్రభుత్వానికి తెలియజేయాలి. దౌత్యవేత్తల వంటి కొద్ది తరగతులకు మాత్రమే మినహాయింపు కలదు. దీనికి ఎఆర్-11 పత్రాన్ని ఆన్‌లైన్‌లో గాని తపాలా ద్వారా గాని సమర్పించవచ్చు. రుసుము లేదు. ఎఫ్-1 విద్యార్థులు అదే 10 రోజుల వ్యవధిలో తమ విద్యాసంస్థకు తెలిపితే, సంస్థ సెవిస్‌లో మార్పు చేస్తుంది. తపాలా శాఖకు మాత్రమే చిరునామా మార్పు తెలిపితే ఈ బాధ్యత తీరదు. తెలియజేయకపోవడం చట్టరీత్యా నేరం. సమంజసమైన కారణం చూపలేనప్పుడు దేశం నుండి పంపివేయుటకు కూడా అది ఆధారం కావచ్చు.

దీని వలన ఆచరణలో కలిగే నష్టం మరొకటి ఉన్నది. అదనపు సాక్ష్యాలు కోరుతూ గాని, వేలిముద్రలకు రమ్మని గాని పంపే ఉత్తరాలు పాత చిరునామాకు పోతే, సమాధానం రాలేదన్న కారణంతో దరఖాస్తును తిరస్కరించవచ్చు.

పిల్లల విషయంలో ఒక ప్రత్యేక నియమం కలదు. 14 ఏళ్ళ లోపు వయసులో వచ్చిన పిల్లలు అమెరికాలో ఉండగా 14 ఏళ్ళు నిండినప్పుడు, 30 రోజులలోగా తిరిగి నమోదు చేయించుకొని వేలిముద్రలు ఇవ్వాలి. ఈ నియమం పాతదే అయినా, 2025 ఏప్రిల్ 11 నుండి జి-325ఆర్ అనే ఆన్‌లైన్ పత్రంతో దీనిని గట్టిగా అమలుచేయడం మొదలైంది. హెచ్-4 హోదాలో ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది వర్తిస్తుంది. 18 ఏళ్ళు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రాన్ని ఎల్లప్పుడూ దగ్గర ఉంచుకోవాలని కూడా చట్టం చెబుతున్నది. తాత్కాలికంగా వచ్చిన పలువురికి ముద్రించిన ఐ-94యే ఆ పత్రం.

సోషల్ సెక్యూరిటీ నంబరు

1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం ఫలితంగా ఏర్పడిన ఈ 9 అంకెల సంఖ్య మొదట ఉద్యోగుల సంపాదనను లెక్కించి పింఛను నిర్ణయించుటకు ఉద్దేశించబడింది. కాలక్రమంలో పన్నులు, బ్యాంకు రుణాలు, ఇంటి అద్దె ఒప్పందాలు మొదలైన అనేక వ్యవహారాలలో గుర్తింపుగా మారింది. దీనికి ఎస్ఎస్-5 దరఖాస్తు చేయాలి. కార్డు ఉచితం.

పని చేయుటకు అనుమతి ఉన్నవారికే సాధారణంగా ఈ సంఖ్య ఇస్తారు. ఎఫ్-1 విద్యార్థి ప్రాంగణంలో ఉద్యోగం లభించినట్లు యజమాని లేఖను, విద్యాసంస్థ లేఖను చూపాలి. పని అనుమతి లేని హెచ్-4 జీవిత భాగస్వాములకు ఈ సంఖ్య లభించదు. పన్నుల అవసరం నిమిత్తం వారు డబ్ల్యూ-7 పత్రం ద్వారా ఐ.టి.ఐ.ఎన్. అనే మరొక 9 అంకెల సంఖ్య పొందవచ్చు. 1996లో ప్రవేశపెట్టిన ఈ సంఖ్య ఎల్లప్పుడూ 9తో మొదలవుతుంది. ఇది పని చేయుటకు అనుమతి కాదు.

దరఖాస్తుదారుని వివరాలను సోషల్ సెక్యూరిటీ కార్యాలయం వలస శాఖ సమాచారంతో పోల్చి చూస్తుంది. దేశంలోకి వచ్చిన వెంటనే ఆ వివరాలు కనబడకపోవచ్చును కనుక సుమారు 10 రోజులు ఆగి వెళ్ళమని విద్యాసంస్థలు సలహా ఇవ్వడం పరిపాటి. తాత్కాలిక అనుమతి గలవారి కార్డుపై, స్వదేశ భద్రతా శాఖ అనుమతి ఉన్నప్పుడే పనికి చెల్లుతుందన్న వాక్యం ముద్రిస్తారు. పోయిన కార్డుకు బదులుగా సంవత్సరానికి 3, జీవితకాలంలో 10 కార్డులు మాత్రమే ఇస్తారు. పేరు మార్పు వలన తీసుకొనే కార్డులు ఈ లెక్కలోకి రావు.

ఉద్యోగంలో చేరేటప్పుడు

1986 నాటి చట్టం ప్రకారం ప్రతి యజమాని కొత్త ఉద్యోగి గుర్తింపును, పని చేయుటకు గల అర్హతను ఐ-9 పత్రం ద్వారా ధ్రువీకరించాలి. ఇది అమెరికా పౌరులకు కూడా వర్తిస్తుంది. ఉద్యోగి మొదటి భాగాన్ని పనిలో చేరిన రోజుకల్లా పూర్తిచేయాలి. యజమాని 3 పనిదినాలలోగా అసలు పత్రాలు పరిశీలించాలి. అనుమతించిన పత్రాల జాబితా నుండి ఏవి చూపాలన్నది ఉద్యోగి ఇష్టం. ఫలానా పత్రమే కావాలని యజమాని పట్టుబట్టరాదు.

డ్రైవింగ్ లైసెన్సు

డ్రైవింగ్ లైసెన్సును రాష్ట్ర ప్రభుత్వాలు జారీచేస్తాయి. ఆ శాఖ పేరు, పరీక్ష పద్ధతి, భారతీయ లైసెన్సుతో నడపగల కాలం రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. వాహనం నడపనివారు రాష్ట్ర గుర్తింపు కార్డు తీసుకోవచ్చు. 2005 నాటి రియల్ ఐడి చట్టం లైసెన్సులకు దేశమంతటా కనీస ప్రమాణాలు విధించింది. దేశీయ విమాన ప్రయాణాలకు దీని అమలు పలుమార్లు వాయిదాపడి 2025 మే 7న మొదలైంది.

ఈ చట్టం ప్రకారం తాత్కాలిక అనుమతిపై ఉన్నవారికి, వారి నివాస గడువు వరకే చెల్లే లైసెన్సు ఇస్తారు. ఐ-94లో తక్కువ గడువు పడితే లైసెన్సు కూడా తక్కువ కాలానికే వస్తుంది. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం, స్వదేశపు లైసెన్సుకు తోడుగా మాత్రమే చెల్లుతుంది.

తెలుగువారి పేర్లలో ఎదురయ్యే చిక్కులు

తెలుగువారి సంప్రదాయంలో ఇంటిపేరు ముందు, పెట్టినపేరు తరువాత వస్తాయి. పదవ తరగతి ధ్రువపత్రంలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. కొందరి పత్రాలలో ఇంటిపేరు పొడి అక్షరంగా మాత్రమే ఉంటుంది. అమెరికా పత్రాలలో పెట్టినపేరు, ఇంటిపేరు వేర్వేరు గడులలో ఉండాలి.

భారతీయ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటే, అమెరికా వీసాలో ఆ మొత్తాన్ని ఇంటిపేరుగా చేర్చి, పెట్టినపేరు స్థానంలో 'ఎఫ్.ఎన్.యు.' అని రాస్తారు. పెట్టినపేరు తెలియదని దీని అర్థం. ఈ మూడక్షరాలు ఐ-94కు, అక్కడి నుండి లైసెన్సుకు, జీతపు పత్రాలకు, బ్యాంకు ఖాతాకు పాకి, వ్యక్తి అసలు పేరుగా చలామణి అవుతాయి. ప్రయాణానికి ముందే పాస్‌పోర్టులో రెండు గడులనూ సరిగా నింపించుకోవడం దీనికి తగిన నివారణ. ఆ తరువాత మార్చుకోదలచినవారు ముందు పాస్‌పోర్టును, పిమ్మట వలస పత్రాలను, ఆపైన మిగిలినవాటిని వరుసగా సరిచేయించుకోవాలి.

తేదీలు రాసే పద్ధతి కూడా వేరు. అమెరికాలో ముందు నెల, తరువాత రోజు రాస్తారు. 1990 ఆగస్టు 5ను భారతీయ పద్ధతిలో 05-08-1990 అని రాస్తే, అక్కడ దానిని మే 8గా చదువుతారు.

స్వదేశపు పత్రాలు

శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయునప్పుడు జనన, వివాహ ధ్రువపత్రాలు అవసరమవుతాయి. భారతదేశంలో జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినా గ్రామాలలో అనేక జననాలు నమోదు కాలేదు. నమోదైనవాటిలోనూ శిశువు పేరు గడి ఖాళీగా ఉండిపోవడం సాధారణం. పేరును తరువాత చేర్పించుకొనే వీలున్నది. నమోదు అసలే లేనివారు స్థానిక సంస్థ నుండి 'నమోదు లభ్యం కాదు' అన్న ధ్రువపత్రం పొంది, దానికి పాఠశాల పత్రాలను, జననం గురించి ఎరిగిన పెద్దల ప్రమాణపత్రాలను జతచేస్తారు. వివాహాల నమోదును ఆంధ్ర ప్రదేశ్‌లో 2002 నాటి చట్టం తప్పనిసరి చేసింది.

తెలుగులో ఉన్న పత్రానికి పూర్తి ఆంగ్ల అనువాదం జతచేయాలి. అనువాదం సంపూర్ణమైనదనీ, తనకు రెండు భాషలూ వచ్చుననీ అనువాదకుడు సంతకంతో ధ్రువీకరించాలి.

భారతదేశంలోని బ్యాంకు ఖాతాల విషయంలోనూ ఒక బాధ్యత కలదు. విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాసిగా మారిన వ్యక్తి తన సాధారణ పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకోవాలి.

పన్ను పత్రాలు

ఎఫ్-1 విద్యార్థులను సాధారణంగా మొదటి 5 క్యాలెండరు సంవత్సరాలు పన్నుల నిమిత్తం అనివాసులుగా పరిగణిస్తారు. వీరు ఆదాయం లేకున్నా 8843 పత్రం పంపాలి. జీతం ఉన్నవారు 1040-ఎన్ఆర్ పత్రాన్ని సాధారణంగా ఏప్రిల్ 15లోగా దాఖలు చేయాలి. 1989 నాటి భారత-అమెరికా పన్ను ఒప్పందం వలన, ఇతర అనివాసులలో అనేకులకు లేని ప్రామాణిక మినహాయింపు భారతీయ విద్యార్థులకు లభిస్తుంది.

పన్నుల రీత్యా నివాసులైనవారు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా చూపాలి. విదేశీ ఖాతాల మొత్తం సంవత్సరంలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక వేరుగా సమర్పించాలి. హైదరాబాదు, విజయవాడ వంటి చోట్ల ఉన్న ఫిక్సెడ్ డిపాజిట్లు కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఇది సమాచారం మాత్రమే, పన్ను కాదు. అయినా సమర్పించకపోతే జరిమానాలు భారీగా ఉంటాయి.

పత్రాలను భద్రపరచుకోవడం

వలస వ్యవహారాలలో ఎన్నో ఏళ్ళ క్రితపు హోదాను నిరూపించవలసిన సందర్భాలు వస్తాయి. కావున పాత పాస్‌పోర్టులు, ప్రతి ఐ-94 ప్రతి, అన్ని ఐ-20లు, ఐ-797లు, జీతపు పత్రాలు, పన్ను పత్రాలు పారవేయకుండా ఉంచుకోవాలి. ఎఆర్-11 సమర్పించినట్లు వచ్చే ధ్రువీకరణను కూడా దాచుకోవాలి. సోషల్ సెక్యూరిటీ కార్డును వెంట తీసుకొని తిరగరాదు. సంఖ్య అపహరణకు గురైతే దానితో ఇతరులు రుణాలు తీసుకొనే ప్రమాదం ఉన్నది.

ప్రభుత్వ పత్రాల నమూనాలు ఆయా శాఖల వెబ్‌సైట్లలో ఉచితంగా లభిస్తాయి. వలస విషయాలలో న్యాయసలహా ఇచ్చుటకు న్యాయవాదులకు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధులకు మాత్రమే అధికారం కలదు. దరఖాస్తును ఎవరు నింపినా, అందులోని వివరాలకు బాధ్యత సంతకం చేసిన వ్యక్తిదే.

ఇవి కూడా చూడండి

వీసా
పాస్‌పోర్టు
ప్రవాస భారతీయులు
తెలుగువారి ఇంటిపేర్లు